బ్లాక్‌బెర్రీ 10లో మొదటి రోజు నుంచే యాప్‌కి డబ్బు తీసుకోవాలా?

చీటీల లెక్క, 2013 మార్చి 5

అందరికీ నమస్కారం. బ్లాక్‌బెర్రీ కంపెనీ కొత్త ఫోన్ల సాఫ్ట్‌వేర్ బ్లాక్‌బెర్రీ 10 కోసం, చీటీల లెక్క చూసుకునే యాప్ ఒకటి తయారుచేశాను. ఈ నెల పాట ఎంతకు పోయింది, ఎవరు పాడుకున్నారు, ఎవరి వాయిదా బాకీ ఉంది, అన్నీ అందులో కనిపిస్తాయి. మా అమ్మ ఇరవై మందితో చీటీ నడుపుతుంది. ఆమె నోటుబుక్కు చూసే దీన్ని రాశాను.

ఆ ఫోన్లకి యాప్‌లు రాయడానికి కంపెనీ ఇచ్చిన కాస్కేడ్స్‌లో రాసి గడువులోపే పంపాను, నాణ్యత చూసి వాళ్ళిచ్చే 'బిల్ట్ ఫర్ బ్లాక్‌బెర్రీ' ముద్ర వచ్చింది. ఆ ముద్ర ఉన్న యాప్ ఏడాదిలో కనీసం 1,000 డాలర్లు సంపాదిస్తే, 10,000 డాలర్లకి ఎంత తక్కువైతే అంతా కంపెనీయే కలిపి ఇస్తానంది. అంటే అయిదు లక్షల పైమాటే. 2.99 డాలర్లు పెడదామని నా ఆలోచన. ఫ్రెండ్స్ మాత్రం ముందు ఫ్రీగా పెట్టమంటున్నారు. మీరేమంటారు?

కూకట్‌పల్లి ఆండ్రాయిడ్

ఫ్రీగానే పెట్టు తమ్ముడూ. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న మొదటి ఫోన్ జెడ్10 మన దేశానికి వచ్చి పది రోజులు కూడా కాలేదు, రేటు చూస్తే 43,490 రూపాయలు. ఎంతమంది చేతిలో ఉంటుందంటావు? పైగా మన డెబిట్ కార్డులు ఈ బయటి దేశం స్టోర్లలో పనిచెయ్యవు, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు తక్కువ. ముందు నలుగురూ వాడి మంచి రేటింగ్ ఇస్తే తర్వాత ధర పెట్టుకోవచ్చు.

టొరంటో తెలుగు

నేను ఒప్పుకోను. ఫోన్‌కి 43 వేలు పెట్టినవాడు 160 రూపాయలకి వెనకాడడు. ఇక్కడ కెనడాలో ఫిబ్రవరి 5న అమ్మకాలు మొదలయ్యాయి. స్టోర్‌లో 70 వేల యాప్‌లు ఉన్నాయని కంపెనీ చెబుతోంది కానీ, తెరిచి చూస్తే చాలావరకు ఆండ్రాయిడ్ నుంచి హడావిడిగా మార్చి పెట్టినవే. జనవరిలో వేరే ఫోన్ల యాప్‌లని దీనికి మార్చి పంపే పోర్టథాన్ పెట్టి ఆమోదం పొందిన ఒక్కో యాప్‌కి 100 డాలర్లు ఇస్తామంటే 37 గంటల చిల్లరలో 15 వేల యాప్‌లు వచ్చిపడ్డాయి! ఆ గుట్టలో నీది కూడా ఫ్రీ అయితే ఎవరు గుర్తుపడతారు? ఫ్రీగా తీసుకున్నవాళ్ళని ఆర్నెల్ల తర్వాత డబ్బులడిగితే ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిపోతారు.

విజయవాడ కోడ్

ఇంత ఆలోచనెందుకు? 335 కాపీలు అమ్మితే 1,000 డాలర్లు దాటుతుంది. నీ డబ్బుతోనే మనవాళ్ళందరితో కొనిపించెయ్. 54 వేలు పెడితే అయిదు లక్షలు!

పాత పామ్‌టాప్

విజయవాడ గారూ, ఆ పని చెయ్యమని మాత్రం చెప్పకండి. అది దొంగ లెక్క. చీటీ డబ్బు గురించి యాప్ రాసిన మనిషికి మీరిచ్చే సలహా ఇదా?

పదేళ్ళుగా చేతి ఫోన్లకి ప్రోగ్రాములు రాస్తున్నాను. కొత్త ప్లాట్‌ఫామ్‌లో ధర ఎంత అని అందరూ అడుగుతారు. కొన్నవాడి గతి రేపు ఏమవుతుందని అడిగేవాళ్ళు తక్కువ. గూగుల్ యాప్ స్టోర్ ఆండ్రాయిడ్ మార్కెట్‌లో డబ్బుకి అమ్మకం మొదలైన కొత్తలో కొన్నవాడికి నచ్చకపోతే వెనక్కిచ్చుకోడానికి 24 గంటలుండేవి. 2010 చివర్లో దాన్ని 15 నిమిషాలకి కుదించారు. పావుగంటలో చీటీ లెక్క యాప్ మంచిదో కాదో ఎవరు తేల్చుకోగలరు? అది ఒక నెల పాట జరిగితే గానీ తెలియదు.

అంతకంటే పెద్ద సంగతి హెచ్‌పీ ఫోన్లకీ టాబ్లెట్‌కీ వాడిన సాఫ్ట్‌వేర్ వెబ్‌ఓఎస్. హెచ్‌పీ 2011 జూలై 1న టచ్‌ప్యాడ్ టాబ్లెట్‌ని అమ్మకానికి పెట్టి, ఆగస్టు 18న ఆపేసింది. ఏడు వారాలు! ఫోన్లూ దాంతోపాటే పోయాయి. డబ్బు పెట్టి యాప్‌లు కొనుక్కున్నవాళ్ళు ఎవరిని అడగాలి? బ్లాక్‌బెర్రీకీ అదే గతి పడుతుందని నేననడం లేదు. దాని సాఫ్ట్‌వేర్‌కి పునాది అయిన క్యూఎన్ఎక్స్ గట్టి సరుకు. నాకూ ఈ ఫోన్ నిలవాలనే ఉంది. కానీ పది వేల డాలర్ల హామీ ఇచ్చి మరీ యాప్‌లు రాయిస్తున్నారంటే, కొనేవాళ్ళు వస్తారో రారో వాళ్ళకే నమ్మకం లేదన్నమాట. ఆ హామీ మనకి, కొన్నవాడికి కాదు.

డబ్బు తీసుకో, తప్పులేదు. ఫ్రీగా ఇచ్చినవాడు మధ్యలో వదిలేస్తే ఎవరూ అడగరు. డబ్బు తీసుకున్నవాడు రెండేళ్ళయినా చూసుకోవాలి. నీకు ఆ ఓపిక ఉందా? ఫోన్ పోతే ఇరవై మంది లెక్క ఏమవుతుంది?

కూకట్‌పల్లి ఆండ్రాయిడ్

ఈ చివరి ప్రశ్న నాకు తట్టలేదు. అయినా ఇప్పటికి ఫ్రీయే నయం అంటాను.

చీటీల లెక్క

అందరికీ థాంక్స్. పాత పామ్‌టాప్ గారూ, ఫోన్ పోతే లెక్కా పోతుంది. నిజం, ఆ సంగతి నేను ఆలోచించలేదు. అమ్మని అడిగాను. "నోటుబుక్కు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, నీ ఫోన్ చస్తే ఎట్లారా?" అంది.

లెక్క మొత్తాన్ని ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా మెయిల్‌కి పంపే బటన్ రాస్తున్నాను. వారం పడుతుంది. అది పెట్టాకే 2.99కి అమ్మకానికి పెడతాను. 335 మంది కొనకపోతే ఆ అయిదు లక్షలు నావి కాదనుకుంటాను. టొరంటో గారూ, ఫైల్ పంపడం పరీక్షించడానికి మీ జెడ్10లో ఒకసారి చూసిపెడతారా?