మూతపడ్డ సైటు లాగ్‌లు: పూర్తిగా తుడిచేయాలా, దాచాలా?

రాత్రి_డ్యూటీ:
మా దగ్గర క్లయింట్ల సైట్ల లాగ్‌లన్నీ (ఎవరొచ్చారు, ఏం జరిగింది అని సర్వర్ రాసుకునే చిట్టాలు) ఒకే ఎలాస్టిక్‌సెర్చ్‌లో, అంటే వాటిని దాచి వెతుక్కునే డేటాబేస్‌లో ఉంటాయి. వాటిలో ఒక ఆన్‌లైన్ బట్టల షాపు మూతపడి మూడు నెలలైంది. అప్పటినుంచి "డేటా రావట్లేదు" అంటూ అర్ధరాత్రి అలర్ట్‌లు. మా మేనేజర్ "పర్మనెంట్‌గా డిలీట్ చేసెయ్, డిస్కూ ఖాళీ అవుతుంది, గోలా పోతుంది" అంటున్నారు. నాకేమో చెయ్యాడట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

కూకట్‌పల్లి_సర్వర్:
తీసేయండి బ్రదర్. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక వాళ్ల సామాను మనింట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటాం? పైగా ఆ లాగ్‌లలో ఐపీ అడ్రస్‌లుంటాయి, ఏ డెవలపరో టెస్టింగ్‌లో ప్రింట్ చేసి మర్చిపోయిన ఫోన్ నంబర్లూ ఉంటాయి. రేపు లీకైతే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఆడిట్_అక్క:
ఆగండి. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. మీకు సగమే అయింది. కార్డు పేమెంట్లు కూడా మీ పరిధిలోకి వస్తే పీసీఐ డీఎస్ఎస్ అనే కార్డుల భద్రతా ప్రమాణం ఇంకా ఎక్కువ అడుగుతుంది: ఆడిట్ లాగ్‌లు 12 నెలలు, చివరి మూడు నెలలవి అడగ్గానే చూపించేలా.

కూకట్‌పల్లి_సర్వర్:
మూతపడ్డ షాపు మీద ఎవడు దాడి చేస్తాడండీ?

ఆడిట్_అక్క:
మూతపడకముందే చేసి ఉండొచ్చుగా తమ్ముడూ! సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో హ్యాకర్లు విషం కలిపిన అప్‌డేట్ 2020 మార్చి నుంచే కస్టమర్లకు వెళ్లింది, బయటపడింది డిసెంబర్‌లో. మూడు నెలల లాగ్‌లే ఉంచుకున్నవాడికి దొంగ ఎప్పుడు దూరాడో ఏం తెలుస్తుంది?

బెజవాడ_డెవాప్స్:
డిలీట్ నొక్కగానే అంతా పోతుందని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. సైటుకో ఇండెక్స్ (లాగ్‌లు దాచే విడి అర) ఉంటే సరే, ఇండెక్స్‌తోపాటు ఫైళ్లూ పోతాయి. అన్నీ ఒకే ఇండెక్స్‌లో కలిపేసి ఉంటే డిలీట్ బై క్వెరీ (ఆ సైటు లాగ్‌లే వెతికి తీసేసే కమాండ్) నడపాలి. అది వెంటనే తుడవదు, "పోయింది" అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. సెగ్మెంట్లు (ఇండెక్స్ లోపలి ఫైళ్ల ముక్కలు) మెర్జ్ అయ్యేదాకా డిస్క్ తగ్గదు. పాత స్నాప్‌షాట్లలో, అంటే బ్యాకప్ కాపీల్లో, ఆ సైటు ఎలాగూ ఉండనే ఉంటుంది.

నేనోసారి ఇలాగే ఇండెక్స్ తీసేసి హాయిగా పడుకున్నా. తెల్లారేసరికి అదే పేరుతో మళ్లీ లేచి కూర్చుంది! పాత సర్వర్‌లో లాగ్‌లు పంపే ఫైల్‌బీట్ ప్రోగ్రామ్ ఆపలేదు మరి. మీకు డేటా రావట్లేదు కాబట్టి ఆ బాధ లేదేమో గానీ, ఆ సైటు ఏపీఐ కీ (లాగ్‌లు పంపడానికి వాడే రహస్య కోడ్) మాత్రం ముందు రద్దు చేయండి.

రాత్రి_డ్యూటీ:
సైటుకో ఇండెక్సే అన్నా. స్నాప్‌షాట్లే అన్నిటికీ కలిపి తీస్తున్నాం.

బెజవాడ_డెవాప్స్:
అయితే స్నాప్‌షాట్‌లోంచి ఆ ఒక్క సైటునే పీకలేరు. మిగతా ఇండెక్స్‌లతో క్లోన్ తీసి, పాత స్నాప్‌షాట్ కొట్టేయాలి. ఎన్ని ఉన్నాయో అన్నిటికీ. ఒక ఆదివారం పోయినట్టే.

గోదారి_గట్టు:
అలర్ట్ మోగుతోందని లాగ్‌లు తీసేయడమేంటండీ, ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు? ఆ ఒక్క రూల్ ఆపేయండి, నిమిషం పని. అసలు ఆ లాగ్‌లు మీవా, షాపువాళ్లవా? ఒప్పందంలో ఏముందో చూశారా?

రాత్రి_డ్యూటీ:
ఇప్పుడే తీశా. "సేవ ముగిసిన 30 రోజుల్లో క్లయింట్ డేటా తొలగించాలి" అని ఉంది. అదీ దాటిపోయింది!

కూకట్‌పల్లి_సర్వర్:
నేను ముందే చెప్పానా లేదా?

ఆడిట్_అక్క:
ఒప్పందంలో ఏం రాసుకున్నా సర్ట్-ఇన్ ఆదేశం పోదు. కానీ 30 రోజులని సంతకం పెట్టి ఊరుకోవడం మాత్రం మీ తప్పే. షాపువాళ్లకు మెయిల్ రాయండి, 180 రోజులు ఎందుకు ఉంచుతున్నారో చెప్పండి. మీ లాయర్‌కూ ఓసారి చూపించండి. ఈలోగా ఇద్దరికి తప్ప ఎవరికీ యాక్సెస్ ఉంచకండి.

కూకట్‌పల్లి_సర్వర్:
యాక్సెస్ తీసేయడం వరకు ఒప్పుకుంటా. ఉంచడం మాత్రం ఇప్పటికీ తలనొప్పే అంటాను.

రాత్రి_డ్యూటీ:
అలర్ట్ ఆపేశా, కీ రద్దు చేశా, 180 రోజులు నిండగానే ఇండెక్స్ దానంతటదే పోయేలా ఎలాస్టిక్‌సెర్చ్‌లోని ఐఎల్ఎమ్ రూల్ పెట్టా. మెయిల్ వెళ్లింది. మేనేజర్ మాత్రం "డిస్క్ ఇంకా తగ్గలేదేం?" అని మెసేజ్ పెట్టారు. జవాబు ఇంకా రాయలేదు.