మహారాష్ట్రలోని సిరోంచ తాలూకావాసులకు: వచ్చే ఏడాదిపై మీ ఆశలేమిటి, దిగులేమిటి?

ప్రశ్న:
2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మన ఘాట్లు జనంతో కళకళలాడాయి. అదే ఏడాది జూలైలో వరద పొలాలను ముంచెత్తింది. అందుకే సంబరపడాలో భయపడాలో తెలియడం లేదు.

జవాబు (ఒడ్డు రైతు):
నాకు దిగులే ఎక్కువండి. 2023 అక్టోబరులో గోదావరిపై ఉన్న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగిన తర్వాత నీరు నిల్వ చేయడం లేదు గనుక ఊపిరి పీల్చుకున్నాం గాని, మరమ్మతు చేసి మళ్లీ గేట్లు దించి నీరు నిలిపితే, వెనక్కి తన్నే నీటికి మా పొలాల గతి ఏమిటి? వరద తీసిన పత్తిచేలో ఒండ్రు పేరుకుని, వేరు కుళ్లి, మొక్క నిలువునా వాడిపోతుంది. విత్తనానికీ ఎరువుకూ తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. పరిహారం సంగతి ముందే తేల్చాలి.

జవాబు (ఉపాధ్యాయురాలు):
రైతుగారి మాట నిజమే. అయినా నాకు ఆశ ఉంది. గోదావరి అవతల తెలంగాణలోని కాళేశ్వరం వైపు వంతెన పడ్డాక రోగులకు పడవ కోసం పడిగాపులు తప్పాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన మన పిల్లలు రెండు ఒడ్డులలోనూ ఉద్యోగాలు చేయగలరు.

జవాబు (ప్రశ్న అడిగినవారు):
అయితే పరిహారం విషయం వచ్చే గ్రామసభలో అడుగుదాం. ముంపు గ్రామాలవారు పొలం కాగితాలతో రండి.