గమ్ ప్రింట్‌లో ఆకాశం తెల్లబడటం లేదు, నీలం మరక వదలడం లేదు

ప్రశ్న:
పొద్దుటి నుంచి ఆరు గంటలుగా ఇదే పని. గమ్ బైక్రోమేట్ ప్రింట్ (గమ్, రంగు, డైక్రోమేట్ అనే రసాయనం కలిపి కాగితానికి పూసి, వెలుగు తగిలిన చోట గట్టిపడ్డాక మిగతాది నీళ్లలో వదిలించే ఫోటో పద్ధతి) ఎంత నానబెట్టినా తెల్లగా రావాల్సిన ఆకాశం నీలంగానే ఉంటోంది. ఏడుసార్లు నీళ్లు మార్చాను. బ్రష్‌తో రుద్దితే బొమ్మే లేచిపోతోంది. రంగు పోగుల్లోకి దిగకుండా కాగితానికి జెలటిన్ పూత (సైజింగ్) కూడా పెట్టాను. నాలుగు మంచి కాగితాలు పాడయ్యాయి. ఏం చేయాలో చెప్పండి, ప్లీజ్.

జవాబు:
ఏ నీలం? గమ్‌లో రంగు ఎంత? జెలటిన్‌ను గట్టిపరిచారా? ఇవి చెప్పకుండా అడిగితే ఎలా?

జవాబు:
ముందు చేతులకు గ్లోవ్స్ ఉన్నాయా? డైక్రోమేట్‌లో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ తెస్తుంది. పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. రుద్దితే తుంపరలు మొహాన పడతాయి. కడిగిన నీళ్లు సింకులో పోయకండి. ప్రింట్ మళ్లీ వేసుకోవచ్చు, ఊపిరితిత్తులు మళ్లీ రావు.

ప్రశ్న అడిగినవారు:
గ్లోవ్స్ ఉన్నాయండి. థాలో బ్లూ, ట్యూబు రంగు, కాస్త ఎక్కువే కలిపాను. జెలటిన్ 3 శాతం, ఒక పూత పూసి ఆరబెట్టాను. గట్టిపరచడం అంటే?

జవాబు:
అదే లోపం. గట్టిపరచని జెలటిన్ నీళ్లలో ఉబ్బుతుంది, గోరువెచ్చని నీళ్లయితే కరిగిపోతుంది. అప్పుడు రంగు నేరుగా కాగితం పోగుల్లోకి దిగుతుంది. అలా కరగకుండా గట్టిపరచడానికి క్రోమ్ ఆలమో గ్లుటరాల్డిహైడో వాడాలి. పైగా థాలో రేణువులు చాలా సన్నం, ఇట్టే పట్టేస్తాయి. రంగు తగ్గించి, పలచటి పూతలు రెండు మూడు వేయండి.

జవాబు:
సైజింగ్ అంటే గంజి పెట్టడమే కదా, బట్టలకు పెట్టినట్టు. స్టార్చ్ చాలదా?

జవాబు:
గంజి వేరు, జెలటిన్ వేరు. రెంటినీ గంజి అంటే కొత్తవాళ్లు తికమకపడతారు. ‘జిగురు పూత’ అనండి.

జవాబు:
జిగురంటే గమ్ అనుకుంటారు. అది ఇంకా తికమక.

జవాబు:
పేరు తర్వాత తేల్చుకోండి. గమ్, రంగు మాత్రమే కలిపి, డైక్రోమేట్ లేకుండా, ఒక ముక్కపై పూసి ఆరాక కడగండి. మరక మిగిలితే తప్పు కాగితానిది లేదా రంగుది. శుభ్రంగా పోతే డైక్రోమేట్ వైపు చూడాలి. పూసిన ఎంతసేపటికి వెలుగులో పెట్టి ఎక్స్‌పోజ్ చేశారు?

ప్రశ్న అడిగినవారు:
రాత్రి పూసి పొద్దున. చీకట్లోనే ఉంచాను.

జవాబు:
అది మొదటే చెప్పాల్సింది! ఆరాక చీకట్లో ఉన్నా గమ్ మెల్లగా గట్టిపడుతూనే ఉంటుంది. పూత ఆరిన వెంటనే ఎక్స్‌పోజ్ చేసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
డైక్రోమేట్ లేని ముక్క కూడా నీలంగానే మిగిలింది. క్రోమ్ ఆలం తెప్పిస్తున్నా. థాంక్స్ అండి.

జవాబు:
ఆ ఏడుసార్ల నీళ్లు ఎక్కడ పోశారు?