హెచ్‌ఓడీ నేనే, కోచ్ నేనే – క్లాసులోకి అడుగుపెడితే టీచర్లు బిగుసుకుపోతున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న – లెక్కల టీచర్, ఉప్పల్

అందరికీ నమస్కారం. ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఈ జూన్‌లో నన్ను ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కల హెచ్‌ఓడీని, అంటే విభాగం హెడ్‌ని చేశారు. దానితోపాటు ‘ఇన్‌స్ట్రక్షనల్ కోచ్’ అని ఇంకో పేరు కూడా తగిలించారు. అంటే మిగతా నలుగురు లెక్కల టీచర్ల క్లాసుల్లో కూర్చుని, పాఠం ఇంకా బాగా చెప్పేలా సాయం చేయాలట. నాకు వారానికి 22 పీరియడ్లు ఎలాగూ ఉన్నాయి.

సమస్య ఏంటంటే, నేను వెనక బెంచీలో కూర్చోగానే క్లాసు నాటకంలా మారిపోతోంది. మొన్న ఏడో తరగతిలో ఒక అబ్బాయి లేచి, ‘మేడమ్, ఇది నిన్ననే చెప్పారు కదా’ అనేశాడు. ఆ టీచర్ ముఖం చూడలేకపోయాను. ఇంకో సార్ నాకంటే పదిహేనేళ్లు సీనియర్. ‘చూసుకోమ్మా, ఏం రాసుకుంటావో రాసుకో’ అని పుస్తకం నా ముందు పెట్టి, పాఠం మాత్రం బోర్డు వైపు తిరిగే చెప్పారు. పైగా నా అబ్జర్వేషన్ నోట్స్ ఇస్తే ఇంక్రిమెంట్లకు పనికొస్తాయని ప్రిన్సిపాల్ గారు అడుగుతున్నారు. ఇవ్వాలా? ఇవ్వకూడదా? అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి.

జవాబు – నాలుగేళ్లుగా కోచ్, మాదాపూర్

మేడమ్, ముందు ఆ నోట్స్ ఇవ్వకండి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. మీ నోట్స్ ఒక్కసారి ఇంక్రిమెంట్ ఫైల్లోకి వెళ్లాయంటే, ఆ తర్వాత మీరు చూసేదంతా రిహార్సల్ చేసిన పాఠమే. ‘నాకు భిన్నాలు చెప్పడం రావట్లేదు, ఒకసారి చూడండి’ అని ఏ టీచరూ నోరు తెరవరు.

హెచ్‌ఓడీగా మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. సిలబస్ ఎంతవరకు వచ్చింది, నోట్‌బుక్ కరెక్షన్ జరుగుతోందా, ప్రశ్నపత్రాలు టైముకు వచ్చాయా. అవి రాసి ఇవ్వండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే అవి అందరికీ కనిపించేవే. కోచ్‌గా చూసింది వేరే నోట్‌బుక్‌లో రాయండి, క్లాసు అయ్యాక ఆ పేజీ చింపి ఆ టీచర్ చేతికే ఇచ్చేయండి. నేను అలాగే చేస్తాను. ‘మీ దగ్గర కాపీ ఉండదా?’ అని మొదటి ఏడాది అందరూ అనుమానంగా అడిగారు.

రెండోది, ముందు వాళ్లనే మీ క్లాసుకు పిలవండి. అదీ బాగా వచ్చిన పాఠానికి కాదు, మీకు కష్టంగా ఉన్న సెక్షన్‌కే. మీ పాఠం తడబడటం వాళ్లు చూస్తే సగం బిగువు అక్కడే పోతుంది.

మూడోది, 40 నిమిషాలూ కూర్చోవాల్సిన పనే లేదు, ఇరవై చాలు. ఏం చూడాలో ఆ టీచరే చెప్పాలి. ‘ప్రశ్న అడిగాక పిల్లలకు ఎన్ని సెకన్లు ఇస్తున్నానో లెక్కపెట్టండి’ అంటే అదొక్కటే లెక్కపెట్టండి. చీర, బోర్డు మీద రాత, ఇంగ్లిష్ ఉచ్చారణ జోలికి పోవద్దు. మరుసటి రోజులోపే మాట్లాడండి, వారం దాటితే ఏ క్లాసు గురించో ఇద్దరికీ గుర్తుండదు.

జవాబు – రిటైర్డ్ హెడ్‌మాస్టర్, మలక్‌పేట

అమ్మా, మా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇన్‌స్పెక్షన్ రోజు ఏం జరిగేదో చెప్తాను, నవ్వుకుంటావు. ‘తెలిసినవాళ్లు కుడి చెయ్యి ఎత్తండి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి ఎత్తండి’ అని పిల్లలకు ముందే చెప్పి పెట్టేవారు. వచ్చిన అధికారికి క్లాసంతా చేతులెత్తినట్టే కనిపించేది. భయం ఉన్నచోట మనకు కనిపించేది అదే.

స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు, అంటే చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసి కూర్చునే మీటింగులు కూడా చాలా ఏళ్లు నడిపాను. సబ్జెక్టు టీచర్లందరూ ఒకచోట కూర్చుంటే అసలు జరగాల్సింది పాఠం గురించి మాట. సర్క్యులర్లు చదివి, టీ తాగి లేచిపోయిన మీటింగులే ఎక్కువ, అందులో నా తప్పూ ఉంది. కాబట్టి నీ డిపార్ట్‌మెంట్ మీటింగులో సర్క్యులర్ చదవకు, వాట్సాప్‌లో పెట్టెయ్యి. ఒక్కొక్కరినీ తమ సెక్షన్ నుంచి ఐదు నోట్‌బుక్కులు తెమ్మను. బాగా రాసే పిల్లలవి కాదు, చేతికి దొరికినవి. అందరూ ఒకే లెక్క తీసి చూడండి. అప్పుడు మాట టీచర్ మీద ఉండదు, పిల్లవాడి తప్పు మీద ఉంటుంది.

ఆ సీనియర్ సార్ సంగతికి వస్తే, ఆయనకు నేర్పడానికి వెళ్లకు. నీకు నిజంగా తెలియనిది ఏదైనా ఉంటే అడగడానికి వెళ్లు. నటిస్తే మాత్రం పట్టేస్తారు.

జవాబు – రెండో ఏడాది సైన్స్ టీచర్, కూకట్‌పల్లి

చూడబడే వైపు నుంచి ఒక మాట. మా కోఆర్డినేటర్ మేడమ్ క్లాసు అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందే ‘బాగుంది కానీ...’ అని మొదలుపెడతారు. ఆ ‘కానీ’ తర్వాత ఏమన్నారో నాకు ఒక్కసారీ గుర్తులేదు. ఇంకోటి, నా లీజర్ (ఖాళీ) పీరియడ్‌లోనే ఫీడ్‌బ్యాక్ పెడతారు. ఆ రోజు సబ్‌స్టిట్యూషన్ (రాని టీచర్ క్లాసు) కూడా పడితే కరెక్షన్ ఇంటికి మోసుకెళ్లాల్సిందే. దయచేసి టైము మమ్మల్ని అడిగి పెట్టండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. టైము దగ్గరే చిక్కు. మా టీచర్లలో చాలామంది స్కూల్ బస్సులోనే ఇంటికి వెళ్తారు. 3:45కి బస్సు కదిలిందంటే ఇక మీటింగ్ లేదు. శనివారం పెడదామంటే సగంమంది రారు, రాకపోవడం న్యాయమే. ప్రిన్సిపాల్ గారేమో ‘కోచింగ్ మొదలైంది కదా, ఎఫ్‌ఏ-2 (రెండో ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో మార్కులు పెరగాలి’ అంటున్నారు. ఆయనకు ఎలా చెప్పాలి?

జవాబు – నాలుగేళ్లుగా కోచ్, మాదాపూర్

మూడు విషయాలు పట్టుకెళ్లండి.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్‌లో టీచర్ పనిగంటలు వారానికి 45 అని ఉంది. అందులో పాఠానికి తయారయ్యే సమయం కూడా కలిసే ఉంది. అంటే ప్రిపరేషన్ పనిలో భాగమే, టీచర్ ఇంటి దగ్గర చేసుకోవాల్సిన సేవ కాదు. నలుగురు లెక్కల టీచర్లకూ మీకూ వారంలో ఒకే పీరియడ్ ఖాళీ వచ్చేలా టైమ్‌టేబుల్ వేయమని అడగండి. ఏడాది మధ్యలో కష్టమంటారు. కనీసం ఇద్దరిద్దరికి కుదిరినా చాలు.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంటుంది. బయట నుంచి ఎవరినో పిలిచి ఒక రోజంతా పవర్ పాయింట్ చూపించే బదులు, ఈ నోట్‌బుక్ మీటింగులనే పద్ధతిగా రికార్డు చేస్తే స్కూలుకూ లాభమే. మీ విద్యా బోర్డు ఏ గంటలను లెక్కలోకి తీసుకుంటుందో ముందు చూసుకోండి.

ఇక మార్కులు. అమెరికా లాంటి దేశాల్లో టీచర్ల కోచింగ్ మీద జరిగిన 60 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. బోధనలో మార్పు 0.49 ప్రామాణిక విచలనాలు (సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) వస్తే, పిల్లల ఫలితాల్లో 0.18 మాత్రమే వచ్చింది. మీరు లెక్కల టీచర్, ఈ అంకెలు మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ముందు మారేది పాఠం చెప్పే తీరు, మార్కులు తర్వాత, అవీ కొంచెమే. కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడిందని కూడా అందులో ఉంది. కాబట్టి నలుగురినీ ఒకేసారి పట్టుకోవద్దు. ఇష్టపడి వచ్చే ఒకరిద్దరితో మొదలుపెట్టండి. మన స్కూళ్ల పరిస్థితి వేరే, నిజమే, అయినా ఎఫ్‌ఏ-2 లోపు అద్భుతాలు జరగవని చెప్పడానికి ఇది చాలు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు, దసరా సెలవుల్లో

ఎవరికైనా పనికొస్తుందని ఏం జరిగిందో రాస్తున్నాను.

నోట్‌బుక్కుల మీటింగ్ రెండుసార్లు అయింది. మొదటిసారి ఏడో తరగతి పూర్ణసంఖ్యలు పెట్టుకున్నాం. −3−5 అంటే మా పిల్లల్లో చాలామంది 8 అని రాస్తున్నారు. ఎందుకంటే ‘మైనస్ మైనస్ ప్లస్’ అని మేమే వల్లె వేయిస్తున్నాం. గుణకారానికి చెప్పిన సూత్రాన్ని పిల్లలు కూడికకు తెచ్చి అతికిస్తున్నారు. నా సెక్షన్‌లో కూడా ఐదుగురిలో ముగ్గురు అంతే. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

ఆ తప్పు దాదాపు లేనివి సీనియర్ సార్ నోట్‌బుక్కులే. ఎలా అని అడిగాను, నటన కాదు, నిజంగానే తెలియక. ‘వచ్చి చూడు’ అన్నారు. వెళ్లాను. సార్ అసలు సూత్రమే చెప్పలేదు. మాల్‌లో లిఫ్ట్ గీశారు. పార్కింగ్ −1, −2, −3. ‘మూడో పార్కింగ్‌లో ఉన్నావు, ఇంకో ఐదు కిందికి దిగు, ఎక్కడున్నావు?’ అంటే క్లాసంతా −8 అంది. ఈసారి బోర్డు వైపు కాదు, పిల్లల వైపు తిరిగే చెప్పారు. పేజీ చింపి ఇస్తే చూసి, ‘ఇంతేనా రాసుకున్నావు?’ అన్నారు. మరుసటి వారం మిగతా ఇద్దరు టీచర్లు కూడా ఆయన క్లాసులో కూర్చున్నారు.

ప్రిన్సిపాల్ గారు నోట్స్ అడగడం మానేశారనను. ప్రస్తుతానికి ‘సరే, టర్మ్ అయ్యాక చూద్దాం’ అన్నారు. సిలబస్, కరెక్షన్ వివరాలు మాత్రం రాసిచ్చాను. శుక్రవారం నాలుగో పీరియడ్ మా ముగ్గురికి ఖాళీ ఇచ్చారు, అందులో రెండు శుక్రవారాలు సబ్‌స్టిట్యూషన్ మింగేసింది.

పాత పాఠం మళ్లీ చెప్పిన ఆ టీచర్ మాత్రం ఇంకా పిలవలేదు. నేనూ అడగలేదు. అడగాలా?

జవాబు – రిటైర్డ్ హెడ్‌మాస్టర్, మలక్‌పేట

అడగకమ్మా. నీ క్లాసు తలుపు మాత్రం తెరిచి ఉంచు. లిఫ్ట్ లెక్క నీ సెక్షన్‌లో చెప్పే రోజు ఆమెకు కూడా ఒక కుర్చీ వేయించు.