షుగరున్న అమ్మకి మడమ పగుళ్లు, ఆనె: నొప్పి లేదంటోంది, అయినా చూపించాలా?

గోదారిగట్టు
అమ్మకి 61 ఏళ్లు, షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. రెండు మడమలూ పగిలాయి, కుడివైపుది కాస్త లోతుగానే ఉంది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఒక ఆనె. ఈమధ్య దాని నడుమ నల్లచుక్క కనిపిస్తోంది. రోజూ రాత్రి వేడినీళ్లలో ఉప్పేసుకుని అరగంట కాళ్లు పెట్టుకుంటుంది. ఆనెని బ్లేడుతో చెక్కుతుంది, పగుళ్లకి పసుపు, కొబ్బరినూనె రాస్తుంది. "నొప్పే లేదు, దీనికి డాక్టరెందుకురా" అంటుంది. ఇంట్లో ఏం చేసుకోవచ్చు, ఏది కనిపిస్తే ఆగకూడదు?

పాదసేవ
ముందు ఆ నల్లచుక్క సంగతి చూడండి. ఒకేచోట ఒత్తిడి పడీపడీ గట్టిపడిన చర్మమే ఆనె. చెప్పులో ఇరుక్కున్న గులకరాయిలా అది లోపలి కండని నొక్కుతూ ఉంటుంది. నడుమ నలుపు తేలిందంటే కింద రక్తం కమిలి ఉండొచ్చు, పైన చర్మం మూసుకునే ఉన్నా లోపల పుండు తయారవుతూ ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో షుగరు కాళ్లు చూసే డాక్టరుకి చూపించండి. గట్టిచర్మాన్ని శుభ్రమైన బ్లేడుతో పొరలు పొరలుగా తీసి అడుగున ఏముందో చూస్తారు. ఇంట్లో మాత్రం ఇక బ్లేడు ముట్టనివ్వకండి. మందుల షాపులో అమ్మే ఆనె పట్టీలూ వద్దు. వాటిలో 40 శాతం దాకా సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, ఆనెతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది.

నొప్పి లేదన్న మాటకే నేనైతే భయపడతాను. లోతుగా పగిలిన మడమ మామూలుగా అడుగు వేయనివ్వదు. స్పర్శ ఎలా ఉందో మీరే చూడొచ్చు. అమ్మగారిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్లలోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలితో ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు ఈక తగిలినట్టు తాకండి. నొక్కొద్దు, తట్టొద్దు. తెలిసినప్పుడల్లా చెప్పమనండి. ఆరింటిలో రెండుగానీ, అంతకన్నా ఎక్కువగానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. డాక్టరు 10 గ్రాముల మోనోఫిలమెంటుతో, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాను పోగుతో, మళ్లీ పరీక్షిస్తారు, పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో కూడా చూస్తారు. రక్తం సరిగా అందని కాలికి చిన్న పుండు కూడా ఓ పట్టాన మానదు.

వేడినీళ్లు ఇవాళే మానిపించండి. షుగరు దెబ్బకి చెమట పట్టించే నరాలు కూడా మందగిస్తాయి, చర్మం ఎండి పగిలేది అందుకే. అరగంట నానబెడితే ఉన్న కాస్త జిడ్డూ పోయి ఇంకా ఎండుతుంది. పైగా నీళ్లు కాలుతున్నాయో లేదో ఆ కాలికి తెలియదు. 37 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లతో కడిగితే చాలు. వేడి ఎంతుందో మీరు మోచేయి పెట్టి చూడండి. కడిగాక మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరీ ఆరకముందే యూరియా క్రీము రాయాలి. ఎండిన చర్మానికి 10 శాతం, మడమ అంచు దళసరిగా ఉంటే 20–25 శాతం, రోజుకి రెండుసార్లు. వేళ్ల సందుల్లో రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే చర్మం తెల్లగా నానిపోయి ఫంగస్ పడుతుంది. రక్తం కనిపిస్తున్న పగులు మీద కూడా వద్దు. దాన్ని సెలైన్‌తో కడిగి, పొడి గాజ్ (గాయాలకి కట్టే పలచటి నూలుగుడ్డ) పెట్టి వదులుగా కట్టండి.

పసుపు రాస్తే ఎరుపు కప్పడిపోతుంది. మనం రోజూ వెతకాల్సింది ఆ ఎరుపునే.

తోలుపని
క్రీము ఎంత రాసినా చెప్పు మార్చకపోతే ఆనె మళ్లీ అక్కడే వస్తుంది. లోపల ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు షీటు, అడుగున గట్టి సోలు, వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. పట్టీ లేని హవాయి చెప్పు వేళ్లతో పట్టుకుని నడవాలి, దాంతో ఆనె ఉన్నచోటే బరువు పడుతుంది. స్పర్శ లేకపోతే చెప్పు జారిపోయినా తెలియదు. లోపలి పొడవు పాదం కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. కాళ్లు కాస్త ఉబ్బే సాయంత్రం పూట కొలత ఇవ్వండి. కొత్తవి మొదటిరోజు గంటకి మించి వేయించకండి. విప్పగానే పాదం చూసి, ఎక్కడైనా ఎర్రబడితే ఆ చోటు సరిచేయించండి. ఇంట్లో కూడా చెప్పులుండాల్సిందే. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం అలవాటు చేయండి.

అరుగుమీద
మెట్టెల సంగతి ఎవరూ ఎత్తలేదు. కాలు ఉబ్బితే అవి వేలిని కోసుకుంటాయి. వారానికోసారి తీసి కింద చర్మం చూడండి, బిగుతుగా ఉంటే సాగదీయించండి. గుడికి వెళ్తే పొద్దున్నే వెళ్లమనండి, ఎండెక్కాక బండల మీద ప్రదక్షిణలు చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. దళసరి సాక్సులు వేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు.

గోదారిగట్టు
తాకి చూశాను. కుడికాలిలో రెండు వేళ్లు తెలియలేదు. రేపు సాయంత్రానికి డాక్టరు దొరికారు. అప్పటిదాకా ఏం చేయాలి?

పాదసేవ
ఆ కాలి మీద బరువు వీలైనంత తగ్గించండి. వంటగదిలో నిలబడే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి. ఆనె మీద ఏమీ రాయకుండా పొడి గాజ్ కప్పి ఉంచండి. ఈలోగా చీము, వాసన, చుట్టూ ఎరుపు పాకడం, చలిజ్వరం, కారణం లేకుండా షుగరు పెరగడం, వేలు నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నొప్పి లేకుండానే ఒక పాదం వాచి, రెండోదానికన్నా వేడిగా తగిలినా అంతే. అది ఎముకలు దెబ్బతింటున్న గుర్తు కావచ్చు, నడిపించకుండా తీసుకెళ్లాలి. రేపు వెళ్లేటప్పుడు ఆవిడ రోజూ వేసుకునే పాత చెప్పుల్ని కూడా పట్టుకెళ్లండి, అవి ఎక్కడ అరిగాయో చూస్తే ఒత్తిడి ఎక్కడ పడుతోందో డాక్టరుకి తెలుస్తుంది.