ఇంట్లో బాగానే ఉంటోంది, చర్చిలో నా గిటార్ వినపడటం లేదు. పికప్‌లు మార్చాలా?

సత్తెనపల్లి_స్ట్రాట్:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మా చర్చిలో ఆదివారం ఆరాధనకి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. స్క్వయర్ స్ట్రాట్ గిటార్, 6 అంగుళాల స్పీకర్ ఉన్న 10 వాట్ల యాంప్, ఒక డిస్టార్షన్ పెడల్ (సౌండ్‌ని గరుకు చేసే, కాలితో నొక్కే డబ్బా). నా దగ్గరున్నవి ఇవే.

రాత్రిపూట గదిలో వాయించుకుంటే నాకే ముచ్చటేస్తుంది. యాంప్ మీద బాస్ (కింది సౌండ్) 8, మిడ్ (మధ్య సౌండ్) 2, ట్రెబుల్ (పై సౌండ్) 8 పెట్టుకుంటాను. అదే సెట్టింగ్‌తో చర్చిలో మొదలుపెడితే, డ్రమ్స్, కీబోర్డ్ అందుకోగానే నా గిటార్ మాయమైపోతుంది. వాల్యూమ్ పెంచితే తుప్పు పట్టిన గేటులా కీచుమంటుంది తప్ప పాటలో కలవదు. పోయిన వారం పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కి ఇచ్చి చూశాం. తేనెతుట్టె కదిపినట్టు జుయ్‌మంది. పాడుతున్న అక్క వెనక్కి తిరిగి చూశారు. ఆ పాట అయ్యేదాకా వాల్యూమ్ సున్నా చేసి నిలబడ్డాను. ఆ బాధ ఇంకా పోలేదు.

25 వేలు కూడబెట్టుకున్నాను. షాపులో అడిగితే పికప్‌లు (తీగల కింద ఉండి వాటి కదలికని పట్టే అయస్కాంతాలు) మార్చమన్నారు. క్రిస్మస్‌లోపు ఎలాగైనా సరిచేసుకోవాలి. ముందు ఏం మార్చమంటారు?

విశాఖ_ఆరుతీగలు:

తమ్ముడూ, పికప్‌ల జోలికి ఇప్పుడే పోవద్దు. నేను 22 ఏళ్లుగా పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాను. మొదట్లో ఒక నెల జీతం మొత్తం పెట్టి పికప్‌లు మార్పించాను. యాంప్ మాత్రం పాతదే. ఇంటికొచ్చి ప్లగ్ పెడితే దాదాపు పాత సౌండే వచ్చింది. నీ డబ్బు అలా పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ పోస్టులో నా కళ్లు ఆగింది 'మిడ్ 2' దగ్గర. లావు తీగ ఓపెన్‌గా మీటితే 82 హెర్ట్జ్. అక్కడ ఇప్పటికే కిక్ డ్రమ్, కీబోర్డ్ ఎడమ చెయ్యి కూర్చుని ఉంటాయి. పైన ట్రెబుల్‌లో సింబల్స్. గిటార్‌కి మిగిలే చోటు మధ్యలోనే, నువ్వు దాన్నే తీసేశావు. మరి ఇంట్లో ఎందుకు బాగుంటోంది? తక్కువ సౌండ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగ్గా ఆనవు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే రాత్రిపూట ఆ రెండూ పెంచుకుంటే నిండుగా అనిపిస్తుంది. చర్చి సౌండ్‌లో చెవికి ఆ లోటు ఉండదు, నువ్వు పెంచిందే మీద పడుతుంది.

ఈ ఆదివారం బాస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5 పెట్టు. పెడల్ గెయిన్ (గరుకు పెంచే నాబ్) సగానికి దించు. ఒక్కడివే వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, అయినా మార్చకు. అందరితో కలిసి ఒక పాట పూర్తిగా వాయించాక అప్పుడు చెప్పు. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ ఇన్నేళ్లుగా గిటారిస్టులు వదలకపోవడానికి కారణం ఇదే: 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని ఎత్తుతుంది, కింద బాస్ కోసేస్తుంది.

యాంప్ నేల మీద పెడుతున్నావా? అయితే స్పీకర్ నీ మోకాలికి ఎదురుగా ఉంది, చెవికి కాదు. ట్రెబుల్ టార్చిలైట్ వెలుగులా తిన్నగా ముందుకే పోతుంది. నీకు మెత్తగా వినపడిందని ట్రెబుల్ పెంచుతావు, అది ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్ల చెవుల్లో గుచ్చుకుంటుంది. కుర్చీ మీద పెట్టి కొంచెం వెనక్కి వాల్చు.

ఇక డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద. ఒకసారి మా రిహార్సల్ గదిలో నా 15 వాట్ల చిన్న యాంప్ లోపలి స్పీకర్ వైర్లు విప్పించి, ఓమ్స్ (స్పీకర్ నిరోధం) రెండింటికీ 8 అని చూసుకుని, స్నేహితుడి 12 అంగుళాల క్యాబినెట్‌కి (విడి స్పీకర్ పెట్టెకి) తగిలించాం. అదే గిటార్, అవే తీగలు, నాబ్‌లు కూడా ముట్టుకోలేదు. ఇ కార్డ్ కొట్టగానే ప్యాంటు అంచు కదిలింది. అప్పటిదాకా ఆ డబ్బాలో అంత సౌండ్ ఇరుక్కుని ఉందని నాకు తెలీదు. వాట్లు చూసి కొనకు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి.

12 అంగుళాల స్పీకర్ ఉన్న కాంబో (యాంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉండేది) సెకండ్ హ్యాండ్‌లో వెతుకు. బాస్ (Boss) అనే కంపెనీ వాళ్ల కటానా 50 యాంప్ లాంటిదైతే పవర్‌ని అర వాట్‌కి దించుకోవచ్చు, ఇంట్లోనూ పనికొస్తుంది.

సికింద్రాబాద్_సోల్డర్:

యాంప్‌లు రిపేర్ చేస్తాను. ఆరుతీగలు గారు చెప్పిందంతా నిజం. పికప్‌లు మార్చక్కర్లేదు కానీ వాటి ఎత్తు చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగకీ అయస్కాంతానికీ మధ్య ఎంత సందుందో కొలవండి. లావు తీగ వైపు సుమారు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు ఇంకాస్త తక్కువ ఉంటే చాలు. గట్టిగా వినపడాలని చాలామంది బాగా పైకి తిప్పేస్తారు. అప్పుడు అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో లావు తీగ శ్రుతి వణుకుతుంది. స్క్రూడ్రైవర్ ఉంటే ఖర్చు సున్నా.

ఇంకొకటి, ఇది సౌండ్ కంటే ముఖ్యం. గిటార్ పట్టుకుని పాడుతున్నప్పుడు మైక్‌కి పెదవి తగిలి చురుక్కుమంటే, ఆ క్షణమే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసినవాళ్లని చూశాను, దయచేసి ఎవరూ అలా చెయ్యొద్దు. మున్ముందు ట్యూబ్ యాంప్ (పాత రేడియోల్లా గాజు వాల్వులతో పనిచేసేది) కొంటే స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మూత కూడా మీరు తియ్యకండి. స్విచ్ కట్టేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

డాలస్_తెలుగబ్బాయి:

ఆ తేనెతుట్టె సంగతి నేను చెప్తాను. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకుని అదే వడకడుతుంది. చర్చి స్పీకర్లు పాటకి, మాటకి చేసినవి కాబట్టి దాన్నంతా ఉన్నదున్నట్టు బయటికి పంపిస్తాయి. నేరుగా మిక్సర్‌కి ఇవ్వాలంటే మధ్యలో క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్‌లా సౌండ్‌ని వడకట్టే పరికరం) ఉండాలి. అది లేకపోతే యాంప్ ముందు మైక్ పెట్టండి, పాటల మైకే సరిపోతుంది. స్పీకర్ నడిమధ్యకి పెడితే పదునుగా, అంచు వైపు జరిపితే మెత్తగా వస్తుంది.

చుట్టాల చేత ఇక్కడి నుంచి యాంప్ తెప్పించుకునే ఆలోచన ఉంటే వెనక వోల్టేజ్ చదవమనండి. ఇక్కడివి చాలావరకు 120 వోల్టులవి. మా బావమరిదికి ఒకటి తీసుకెళ్తే, నేను స్నానం చేసి వచ్చేలోపు 230 ప్లగ్‌లో పెట్టేశాడు.

సత్తెనపల్లి_స్ట్రాట్:

అన్నలందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆదివారం అయింది, వచ్చి చెప్తున్నాను.

పికప్ నిజంగానే బాగా పైకుంది, లావు తీగ వైపు సందు 1 మిల్లీమీటర్ కూడా లేదు. 15వ ఫ్రెట్ దగ్గర ఆ తీగ ఎప్పుడూ రెండు స్వరాలు కలిసినట్టు మోగేది, ఇన్నాళ్లూ నా వేళ్లదే తప్పనుకున్నాను. స్క్రూలు మెల్లగా తిప్పి దించాక ఆ వణుకు పోయింది.

యాంప్ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాను. మైక్ స్పీకర్ అంచు వైపు. బాస్ 4, మిడ్ 7 పెట్టి ఒక్కడినే చూస్తే అస్సలు నచ్చలేదు, ఆరుతీగలన్న మాట మీద అలాగే ఉంచాను. రెండో పాటలో చరణానికి ముందు నేను వాయించే నాలుగు స్వరాలుంటాయి. అవి మొదటిసారి చివరి వరుస దాకా వినపడ్డాయట, అక్కడ కూర్చున్న మా అమ్మ చెప్పింది. ఆరాధన అయ్యాక కీబోర్డ్ అన్నతో మాట్లాడితే, గిటార్ ఉన్నచోట ఎడమ చెయ్యి తేలిక చేస్తానన్నాడు.

నరసరావుపేటలో ఒకాయన దగ్గర 12 అంగుళాల కాంబో అమ్మకానికి ఉందట. శనివారం నా గిటార్, పెడల్ తీసుకుని వెళ్తున్నాను. అక్కడ సౌండ్ కాకుండా ఇంకా ఏమేం చూసుకోవాలి అన్నా?

సికింద్రాబాద్_సోల్డర్:

గిటార్ పెట్టకముందే ఆన్ చేసి హమ్ వినండి. ప్రతి నాబ్ చివరిదాకా తిప్పండి, గరగరమంటే శుభ్రం చేస్తే పోతుంది, దానికి భయపడొద్దు. స్పీకర్ కాగితం చిరిగిందేమో టార్చి వేసి చూడండి. తర్వాత అరగంట ఆపకుండా వాయించండి. కొన్ని జబ్బులు యాంప్ వేడెక్కాకే బయటపడతాయి.