నాన్న చేను రొయ్యల చెరువుకి లీజుకివ్వాలా, వద్దా?

గట్టుదారి:

భీమవరం పక్కన మా ఊళ్ళో నాన్న స్వార్జితం రెండెకరాల మాగాణి ఉంది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ చేను చాలాకాలంగా ఒకాయనే కౌలుకి చేస్తున్నారు. నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఇప్పుడు చేనుకి మూడు పక్కలా రొయ్యల చెరువులు వచ్చేశాయి. ఆ చెరువులాయన మా ముక్క కూడా కలుపుకుంటానని కబురు పెట్టాడు. ఎకరాకి ఏడాదికి లక్ష, అయిదేళ్ళ అగ్రిమెంటు, మొదటి ఏడాది సొమ్ము ముందే ఇస్తానంటున్నాడు. కౌలు కింద మాకు వచ్చేది అందులో సగం.

అన్నయ్య ఇచ్చేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నాన్న బడిపంతులు. బడి వదలగానే ఆయన సైకిలు ఇంటికి కాదు, చేనుకి వెళ్ళేది. తూము దగ్గర గొంతుకూర్చుని నీళ్ళ జోరు ఎలా ఉందో చెయ్యి పెట్టి చూసేవారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీ నీళ్ళిచ్చేటప్పుడు రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని నేనూ వెనకాల నడిచేవాణ్ణి. గట్టు మీద తాటిచెట్లకి గిజిగాడి గూళ్ళు ఉండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ఆ పిట్ట వరి ఆకు అంచుని ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగురుతూ పొడుగ్గా పీచు చీలుస్తుంది. దాంతోనే గూడు అల్లుతుంది. నాన్న ఆ పిట్టల్ని ఒక్కనాడూ తోలనిచ్చేవారు కాదు.

పొక్లెయిన్ దిగితే ఇదంతా నాలుగు రోజుల్లో పోతుంది. మట్టి తవ్వి, గట్లు పోసి, ఉప్పునీళ్ళు పెట్టాక అయిదేళ్ళకి వెనక్కి తీసుకున్నా మళ్ళీ వరి పండుతుందా? ఇచ్చినవాళ్ళూ, ఇవ్వనివాళ్ళూ ఉంటే మీ మాట చెప్పండి.

వనామీరైతు:

నాన్నగారి మీద మీకున్న గౌరవం అర్థమైందండి. అయినా మీ అన్నయ్యగారి మాటే సరైందని నా ఉద్దేశం.

మేమూ వరి వేసినవాళ్ళమే. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా, అంటే ఖరీఫ్ వరి, ఎందుకు మానేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మురుగు లాగదు, తుఫానొస్తే పనల మీదే ధాన్యం మొలకెత్తుతుంది, కూలీలు దొరకరు, మిల్లు దగ్గర తేమ పేరు చెప్పి తరుగు తీస్తారు. 2025-26కి సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటా 2,369 రూపాయలు. ఆ ధర చేతికి వచ్చిన చిన్న రైతు ఎవరో చూపించండి. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాకే మా ఇంట్లో బాకీలు తీరాయి. ఇప్పుడు మా ఊరి ఆడవాళ్ళు ప్రాసెసింగ్ ప్లాంటుకి బస్సెక్కి వెళ్తున్నారు. నాట్లూ కోతలూ అయ్యాక పనికోసం ఎదురుచూసే రోజులు పోయాయి.

ఇంకో మాట. నీళ్ళలో చెయ్యి పెట్టి చూసేది వరి రైతు ఒక్కడే కాదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే సరుకంతా తేలిపోతుంది. అందుకే మేం గట్టు మీదే పడుకుంటాం. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి ఒక్కో రొయ్యని వెలుతురుకి పట్టుకుని పేగులో మేత నిండిందో లేదో చూస్తాం. మాదీ సేద్యమే.

మూడు పక్కలా చెరువులున్నాక మీ చేను ఎలాగూ చౌడెక్కుతుంది. ఇవాళ లక్ష ఇస్తానన్నాయన నాలుగేళ్ళు పోయాక అంత ఇవ్వడు.

మురుగుకాలవ:

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పై పోస్టు చివర్లో ‘మీ చేను ఎలాగూ చౌడెక్కుతుంది’ అన్న మాట మీదే నా అభ్యంతరమంతా.

చెరువులో నీటిమట్టం పక్క చేను కంటే ఎత్తులో ఉంటుంది. గట్టు అడుగు నుంచి ఊట దిగుతుంది. సార్వాలో కాలవ నీళ్ళు పారుతున్నంతకాలం ఆ ఉప్పు కిందికి కడుక్కుపోతుంది కాబట్టి పెద్దగా తెలియదు. వేసవిలో కాలవలు కట్టేసి నేల ఆరితే అదే ఉప్పు తడితోపాటు పైకి లాగబడి తెల్లగా పొర కడుతుంది. ఉప్పు తట్టుకోవడంలో వరి చాలా సున్నితం. మట్టి లవణీయత, అంటే ఉప్పుదనం, మీటరుకి 3 డెసీసీమెన్లు దాటిందంటే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. అందువల్ల పక్క చెరువులు మీ చేనుని పాడుచేస్తాయన్నది నిజం. అది చూపించి మీ చేనూ చెరువు చేసెయ్యమనడం మాత్రం న్యాయం కాదు. మొదటి చెరువు తవ్వినప్పుడు రెండో రైతుకి చెప్పిందీ, రెండోది తవ్వాక మూడో రైతుకి చెప్పిందీ ఇదే మాట. ఎకరం తర్వాత ఎకరం అలా మారిందే తప్ప, ఈ ఆయకట్టుని చెరువులు చెయ్యాలని ఊరంతా కూర్చుని నిర్ణయించుకున్న రోజు ఒక్కటీ లేదు.

వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి దారి మార్చింది. మన రాష్ట్రంలో 2020లో ఆప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) చట్టం చేశారు. ఏ చెరువుకైనా లైసెన్సు ఉండాలి. మీ మూడు పక్కలవాటికీ ఉందో లేదో ముందు కనుక్కోండి. తర్వాత నాకొక సంగతి చెప్పండి. మీ చేనుకి నాలుగో పక్క ఎవరున్నారు?

ఆడపడుచు:

నన్ను గట్టుదారి గారి ఊరి పక్క ఊరికే ఇచ్చారు. చెరువులొచ్చాక ఇంట్లో ఏం మారిందో నేను చెబుతాను, ఎందుకంటే ఇది మగవాళ్ళ లెక్కల్లోకి రాదు.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా దొడ్లో నూతినీళ్ళతో కందిపప్పు మెత్తగా ఉడికేది. ఇప్పుడు ఆ నీళ్ళతో ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా బద్ద బద్దగానే ఉంటుంది. తాగడానికే కాదు, పప్పుకీ టీకీ కూడా ఇరవై లీటర్ల టిన్నే. ఇత్తడి బిందె తోమిన మర్నాటికి నల్లబడుతుంది. గోడకి అడుగున మోకాలెత్తు దాకా సున్నం పొడిపొడిగా రాలిపోతుంది, ఏటా పూయించడమే. పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోతే మూడోసారి నాటించాను, బతకలేదు. లక్ష తీసుకున్నాయనకి లాభం వచ్చింది. మా టిన్నుల డబ్బు ఆయన అగ్రిమెంటులో లేదు.

మరొకటి. గట్టుదారి గారూ, అన్నయ్య ఒకటి అంటున్నాడు, మీరొకటి అంటున్నారు. అమ్మగారి మాటేంటి? నాన్నగారి స్వార్జితం, వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా. మీకు అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళ సంతకం లేకుండా ఈ అగ్రిమెంటు నడవదు. మన ఇళ్ళల్లో ఈ సంగతి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర గాని గుర్తుకురాదు.

పెద్దకొడుకు:

నేను గట్టుదారి గారి అన్నయ్యని కాదు, అలాంటి స్థానంలో ఉన్నవాణ్ణి. ఉద్యోగం హైదరాబాదులో, అమ్మ ఊళ్ళో.

మేం ఇచ్చేశాం. అమ్మకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు కారు, మనిషి, మందులు. వరి కౌలు ఏటా ఒకసారి, అదీ తుఫాను రాకపోతే వచ్చేది. ఆ డబ్బుతో ఇవి జరగవు. చేను గురించి నా తమ్ముడూ ఇలాగే బాధపడ్డాడు. వాడి బాధ అబద్ధం కాదు. అయితే ఆసుపత్రి బిల్లు కట్టాల్సినవాడు నేను. గిజిగాడి గూడు పేరు చెప్పి అవతలి మనిషిని డబ్బు మనిషిగా చూడకండి. నేను ఆ చేలో నాన్న భుజం ఎక్కి తిరిగినవాణ్ణే.

కౌలుబిడ్డ:

ఇందాకటి నుంచి చదువుతున్నాను. యజమాని, లీజుదారు, అమ్మగారు, చట్టం అందరూ వచ్చారు. చేను చేస్తున్న మనిషి గురించి మొదటి పోస్టులో ‘బాబాయ్ అని పిలుస్తాను’ అన్నది తప్ప ఇంకో ముక్క లేదు.

మా నాన్న కౌలు రైతు. ఆయన చేసిన చేను చెరువైంది. యజమాని మంచివాడే, కోత అయ్యేదాకా ఆగాడు. తర్వాత నాన్న అదే చెరువు మీద కాపలాకి కుదిరాడు. రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు, పొద్దున మేత జల్లడం. నెల జీతం వస్తుంది, కాదనను. కానీ ఎప్పుడు నారు పొయ్యాలో, ఏ మడికి ముందు నీళ్ళు పెట్టాలో, స్వర్ణ వెయ్యాలో ఇంకో రకం వెయ్యాలో చెప్పే మనిషి, ఇప్పుడు ఫోనులో సూపర్‌వైజరు ఏ సంచి విప్పమంటే ఆ సంచి విప్పుతున్నాడు.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద సాగుదారు కార్డుంటే బ్యాంకు రుణం, నష్టపరిహారం రావాలి. ఆ కార్డుకి యజమాని అంగీకారం కావాలి, చాలామంది భూమి పోతుందేమోనని సంతకం పెట్టరు. గట్టుదారి గారూ, చేను మీద అంత ప్రేమున్న మీరు మీ బాబాయ్‌కి ఆ సంతకం పెట్టారా? చేను వరిగానే ఉండాలని మీకుంటే, దాన్ని వరిగా ఉంచుతున్న మనిషికి ఏం చేస్తారో కూడా చెప్పాలి. మక్తా, అంటే కౌలు సొమ్ము, తగ్గిస్తారా? నీట మునిగిన ఏడాది వదిలేస్తారా?

వనామీరైతు:

కౌలుబిడ్డ గారి ప్రశ్న నాకు నచ్చింది. వరి కావాలనేవాళ్ళు ఆ నష్టంలో పాలు పంచుకోవాలి.

ఆడపడుచు గారు చెప్పిన నీళ్ళ సంగతి మా ఊళ్ళోనూ ఉంది, దాన్ని కాదనలేను. రొయ్యలో డబ్బు గ్యారంటీ అని కూడా నేను అనను. తొంభైల మధ్యలో టైగరు రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చి ఇళ్ళకి ఇళ్ళే కూలిపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేసినప్పుడు కొనేవాడు రొయ్యల రేటు ఒక్కసారిగా దించేశాడు. లీజు అయిదేళ్ళకి రాసుకున్నా, రెండు పంటలు పోతే లీజుదారు వదిలేసి వెళ్ళిపోతాడు. తవ్విన గొయ్యి మీకే మిగులుతుంది. కాబట్టి ఇచ్చేట్టయితే, చెరువు పూడ్చి చదును చెయ్యడానికి అయ్యే డబ్బు ముందే డిపాజిట్టుగా తీసుకోండి.

మురుగుకాలవ:

పూడ్చినా ఉప్పు వెంటనే పోదు. కాలవ నీళ్ళు నిలగట్టి వదిలేస్తూ కొన్ని పంటకాలాలు కడగాలి, పచ్చిరొట్ట కలియదున్నాలి, మురుగు బాగా లాగాలి. మీ చుట్టూ చెరువులున్నప్పుడు ఆ కడిగిన నీళ్ళు పోయే దారి ఉందా అన్నదే అసలు కష్టం. ఉంటే అయిదేళ్ళ తర్వాత తిరిగి వరికి తేవచ్చు. లేకపోతే లీజు పేరుతో శాశ్వతంగా మార్చినట్టే.

గట్టుదారి:

అందరికీ దండాలు. ఒక్కొక్కటిగా చెబుతాను.

నాలుగో పక్క ఇద్దరివి చెరో ఎకరం, ఆ తర్వాత డ్రైను. మా చేను చెరువైతే ఉప్పు ఊట నేరుగా వాళ్ళ మీదికే. మురుగుకాలవ గారు అడిగేదాకా నేను దాన్ని మా ఇంటి విషయంగానే చూశాను.

వాటాల సంగతి ఇంట్లో మాట్లాడాం. అమ్మ, అన్నయ్య, అక్క, నేను నలుగురం, తలా అరెకరం. ఇన్నాళ్ళూ ఏమీ మాట్లాడని అమ్మ ఇవాళ అంది, ‘నా అరెకరంలో తవ్వనివ్వను. నా ఖర్చులకి మీ నాన్న పింఛను వస్తోంది’ అని. అక్క అమ్మ పక్షం. అన్నయ్య కోపంగా ఉన్నాడు. పెద్దకొడుకు గారి పోస్టు చదివాక వాడి కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అన్నయ్యకి ఇంటి లోను ఉంది, ఆ ఒత్తిడి వాడు మాకు ఎప్పుడూ చెప్పుకోలేదు. కావాలంటే నా వంతు కౌలు కూడా కొన్నేళ్ళు వాడే తీసుకోవచ్చని చెప్పాను. ఇంకా జవాబివ్వలేదు.

కార్డు సంతకం ఇప్పటిదాకా పెట్టలేదు. ఈ సార్వాకి పెడతాం, అమ్మ ఒప్పుకుంది. మునిగిన ఏడాది మక్తా అడగబోమని కాగితం మీదే రాసిస్తాం. ఇంతకీ బాబాయ్‌కి వయసు మీద పడింది, ఆయన కొడుకు ఈ పనికి రాడు. ఇంకెన్నాళ్ళు చేస్తాడో ఆయనకే తెలియదు. ఆ తర్వాత ఎవరు చేస్తారన్నదానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా ఇవాళ తవ్వనివ్వడానికి అది కారణం కాకూడదనే నా మాట.

కౌలుబిడ్డ:

సంతకం పెడతానన్నారు, సంతోషం. సార్వా నాట్లకి ముందే పెట్టండి. ఆలస్యమైతే ఈ పంటకి రుణం అందదు.

వనామీరైతు:

నేనైతే ఇప్పటికీ వరి వెయ్యనండి. మీరు వేస్తామంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మీ మూడు పక్కల చెరువులకీ, మీ గట్టుకీ మధ్య ఊటకాలవ ఉండాలి. చెరువు అడుగు కంటే లోతుగా తవ్వి డ్రైనులో కలపాలి. మా పక్క వరి రైతు పట్టుబడితే నేను తవ్వించాను, నాకు కొంత నేల పోయింది. మీ పక్కాయనా తవ్వించాల్సిందే. మంచిగా అడగండి, వినకపోతే లైసెన్సు వివరాలు పట్టుకుని మత్స్యశాఖ ఆఫీసులో అర్జీ పెట్టండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే ఈ పని అవుతుంది, నీళ్ళు వదిలారంటే మళ్ళీ ఏడాది ఆగాలి.